గ్లౌజుకు అంటిన కారం

"గ్లౌజులేసుకుంటే తొడిమ కొస లోపలే ఉండిపోద్దమ్మాయ్. వట్టి చేతుల్తో తియ్యి" అంది మా అత్తమ్మ కరీమున్.

పొద్దున్న ఐదున్నర. ఏడాదికి సరిపడా కారం కోసం మా ఆయన హయాత్ గుంటూరు మిర్చి యార్డు నుంచి పంపిన రెండు మూటల్లో మొదటిది మేడ మీద కుమ్మరించి ఉంది. ఈ ఇంట్లో ఏటి కారానికి తొడిమలు తీయాల్సింది కోడలే. కూలీలకిస్తే ఇంటికి కలిసొచ్చే బరకత్ పోతుందట! మిరపకాయల వ్యాపారమే చేసే హయాత్ మాత్రం ఏనాడూ ఒక్క తొడిమ తీసిన పాపాన పోలేదు.

"అత్తమ్మా, ఇవాళ ల్యాబులో ఆఖరి రీడింగ్. తొమ్మిదికల్లా అక్కడుండాలి."

"నీ ఎలుకలెక్కడికీ పోవులే. ఎండెక్కితే కాయ విరిగిపోద్ది, కానియ్యి."

నా చదువంటే ఈ ఇంట్లో ఎలుకలే. మరిది పెళ్ళిలో "మా సిద్దికా యూనివర్సిటీలో ఎలుకలు మేపుతుంది" అని హయాత్ నన్ను చుట్టాలకు పరిచయం చేశారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందుకే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళుమంట. అడిగితే చెప్పడానికి ఐదేళ్ళుగా మాటలు సిద్ధం చేసుకునే ఉన్నాను. కండలో ఆక్టిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. దండిగా ఉండే రకం కండను లాగుతుంది, పేరంతా దానిదే. కణద్రవ్యంలో ఇంకో రకం ఆక్టిన్ ఉంటుంది, చిటికెడంత. ఎదిగిన కండకు అది ఉన్నా లేకపోయినా ఒకటేనని చాలామంది అనుకున్నారు. అది లేకుండా పుట్టించిన మా ఎలుకలు కూడా మొదట్లో చక్కగానే పరిగెత్తాయి. కానీ నెలలు గడిచేకొద్దీ కండకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలు లోలోపల ఉబ్బుతున్నాయి. వాటి ఊపిరి తగ్గుతోందని నా అనుమానం. అవి ఎంత ఆక్సిజన్ వాడుతున్నాయో కొలిస్తే తేలిపోతుంది. ఇదంతా వినే దిక్కులేక ఎలుకలకే చెప్పుకుంటూ వచ్చాను.

వాటి కండ ఇక ఒక్క రోజు పనికే మిగిలింది. రీడింగ్ కుదిరితే నా పేరుతో పేపరు. చెడితే కొత్త ఎలుకలు పెరగడానికి ఎనిమిది నెలలు పడుతుంది. నా చదువుకు హయాత్ ఇచ్చిన గడువేమో "ఈ ఎండాకాలం దాకానే".

ఎనిమిదింటికి మిరపకాయల ముందు నుంచి లేచి మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని బస్సెక్కాను. వేళ్ళు భగభగమంటున్నాయి. ల్యాబులో గ్లౌజులు వేసుకుని కండ సిద్ధం చేశాను. మెషిన్ తెర మీద రెండు గీతలు రావాలి, బాగున్న కండది ఒకటి, ఆక్టిన్ లేని కండది ఒకటి. రెండూ కలిసి దభాలున కిందికి పడ్డాయి! నాకేమీ అర్థం కాలేదు. నుదుటి చెమట మణికట్టుతో తుడుచుకున్నానో లేదో కన్ను భగ్గుమంది. అప్పుడు తెలిసింది. గ్లౌజులు తొడుక్కునేటప్పుడు వాటిని పట్టుకున్నది వట్టి చేతులే కదా. కారం బయటికి అంటింది, అక్కడి నుంచి కండలోకి దిగి మైటోకాండ్రియాల ఊపిరి తీసేసింది. ఉన్న కండంతా అయిపోయింది. బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. ఎవరైనా చూస్తే కంట్లో కారం పడిందని చెప్పొచ్చు, అబద్ధమూ కాదు.

మా గైడ్ సంతోషకుమారి మేడమ్ అంతా విని నిట్టూర్చారు. "పనిమనిషిని పెట్టుకోవచ్చుగా సిద్దికా? సరే, కారణం నోట్‌బుక్‌లో రాయి. ఈ పొడిగింపు ఫారం ఇంట్లో అడిగి, రేపు సంతకం పెట్టి తీసుకురా."

పక్క బల్ల ప్రేమదాసుకు పోయిన నెల ఇదే ఫారం ఇచ్చినప్పుడు ఇంట్లో అడిగి రమ్మనలేదు.

నోట్‌బుక్ తెరిచి రాశాను. "తప్పుకు కారణం: ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా ఇంట్లో మిరపకాయల తొడిమలు తీశాను." ఏడేళ్ళ కాపురంలో నా ఇంటిపని కాగితం మీదకెక్కడం అదే మొదటిసారి. రాసిన వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాను. తర్వాత ఫారం మీద అక్కడికక్కడే సంతకం పెట్టి మేడమ్ చేతికిచ్చాను. పోతూ పోతూ డబ్బాలోంచి ఒక జత గ్లౌజులు సంచిలో వేసుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి హయాత్ వరండాలో టీ తాగుతున్నారు. రీడింగ్ ఏమైందని ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను.

"పాడైపోయిందండీ. మళ్ళీ మొదలుపెడుతున్నా. ఇంకో ఎనిమిది నెలలకు సంతకం పెట్టేశాను."

"నన్నడక్కుండానా?"

"మిరపకాయల ముందు కూర్చోబెట్టేటప్పుడు నన్నెవరడిగారు?"

"చాల్లే సంబడం!" అంది అత్తమ్మ. "మరి రెండో మూట ఎవరు తీస్తారే?"

సంచిలోంచి గ్లౌజులు తీసి హయాత్ టీ గ్లాసు పక్కన పెట్టాను.

"వేసుకోండి. వట్టి చేతుల్తో తీస్తే రేపటిదాకా మండుతాయి."