అట్టపెట్టెలో ఇంటి చెప్పులు

మా ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా ముందు బూట్లు విప్పాలి. గుమ్మం లోపల ఇంటివాళ్ళ ఉన్ని చెప్పులు వరసగా ఉంటాయి. వచ్చేవాళ్ళ కోసం పక్కన బుట్టలో నాలుగైదు పాత జతలు పడుంటాయి. ఇంటి మనిషి పొరుగూరు వెళితే ఆ మనిషి చెప్పులు గుమ్మం దగ్గరే ఉండి, అక్కడ నడిచినంతా ఇక్కడ అరుగుతాయి. ప్రాగ్‌లో వానలో తడిస్తే ఇక్కడ తడుస్తాయి. అందుకే ఒకరి చెప్పులు ఇంకొకరు తిరగేసి చూడటం పరాయి ఉత్తరం చదివినంత తప్పని పిల్లలకి నేర్పుతాం. నేర్పే మేము చూడటం మానేశామా అంటే, అది వేరే సంగతి.

ఆ చెప్పులు కుట్టడమే ఆల్బీన్ బతుకు. చర్చి వెనక సందులో, ఇంటి పక్క గదిలో వాళ్ళ తాత పెట్టిన కొట్టు. పొద్దున్నే చిక్కటి కాఫీ తాగి, గోడకి తగిలించిన కొయ్య కాలి అచ్చుల దుమ్ము దులిపి, తోలు ముందేసుకుని కూర్చునేవాడు. చెప్పు అడుగు అట్ట అరుగుడు చూసి మనిషి నడకేమిటో, తిరిగే తిరుగుళ్ళేమిటో చెప్పగలడని పేరు.

ఆ విద్యే అతన్ని కాల్చింది. పన్నెండేళ్ళ కిందట భార్య మిర్కా నడుంనొప్పికని వేడినీటి బుగ్గల ఊరికి వెళ్ళింది. రోజంతా మంచం మీదే ఉంటున్నానని కార్డు రాసింది. ఇంట్లో ఆవిడ చెప్పులు మాత్రం వేళ్ళ దగ్గర అరిగి, నాట్యం చేసే హాలు చెక్కనేలకి పూసే మైనంతో మెరిసిపోతున్నాయి. ఆవిడ మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ ఆల్బీన్ ఎవరి మాటా నమ్మేవాడు కాదు, కూతురు వెండులా మాట తప్ప.

వెండులా పాదరక్షల బళ్ళో నాలుగేళ్ళు చదివి ఆ వేసవికి పట్టా పుచ్చుకుంది. సరిహద్దు కంచెలు తీసేసి పదేళ్ళు కావస్తున్న రోజులు. కుర్రకారంతా వీపున సంచులేసుకుని రైలు పాసులతో దేశాలు తిరిగేవాళ్ళు. ఆల్బీన్ చూసింది జన్మకి ఒక్కసారి, యూనియన్ వాళ్ళు తీసుకెళ్ళిన బల్గేరియా సముద్రం.

"రెండు నెలలు నాన్నా. వియన్నా నుంచి పారిస్ దాకా తిరిగొస్తాను. సెప్టెంబరు ఒకటిన నీ పక్కన బల్ల మీద కూర్చుంటాను, ఇక లేవను," అంది.

"లేవకపోతే నడుం పట్టేస్తుందే పిచ్చిదానా."

బయల్దేరే రోజు అతను ఆమె కళ్ళెదుటే ఆమె ఇంటి చెప్పుల్ని అట్టపెట్టెలో పెట్టి, పురికొసతో కట్టి, బీరువా మీదకి ఎక్కించాడు. "నీ చెప్పులు చూడను. హాయిగా తిరుగు," అన్నాడు. కూతురికి అంతకంటే ఏమివ్వాలో అతనికి తెలియలేదు. ఆమె సంచీ దించి, తండ్రిని కావలించుకుని వెళ్ళింది.

ఆ కొట్టు మీద కన్నేసినవాడు ఒకడుండేవాడు. బ్ర్నో పట్నం నుంచి వచ్చే వాల్టర్. జూదం మెషీన్లు పెడతానని ఏడాదిగా చుట్టూ తిరుగుతున్నాడు. "మా అమ్మాయి వస్తోంది," అని ఆల్బీన్ వాడిని పంపేసేవాడు. ఆగస్టు ఆఖరు దాకా చూస్తాననీ, ఆ పైన వేరే చోటు వెతుక్కుంటాననీ వాడు చెప్పి వెళ్ళాడు.

కార్డులు రావడం మొదలైంది. వియన్నా, లూబ్లియానా, జెనోవా. తర్వాత మార్సెయ్, బార్సిలోనా, పారిస్. అన్నిచోట్లా ఎండ బాగుంది, తిండి బాగుంది, కాళ్ళు నొప్పులు, నాన్నకి ముద్దులు. ఆల్బీన్ వాటిని కాలి అచ్చుల మధ్య గుచ్చి వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

పక్కింటి హెడ్వికా ఒకరోజు కళ్ళజోడు సవరించుకుని చూసింది. ఆవిడకి పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్ళ నౌకరీ.

"ఆల్బీన్, ఈ ఆఖరి మూడూ ఒకే కుర్చీలో కూర్చుని రాసినవి. ఒకే కలం, ఒకే సిరా, చెయ్యి కూడా ఎక్కడా అదరలేదు. రైల్లో రాసే కార్డు ఇంత కుదురుగా ఉంటుందా?"

"దాని అక్షరం ముత్యాల్లా ఉంటుంది."

"ఉంటుంది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? నాకెందుకులే గానీ, పెట్టె నీ బీరువా మీదేగా ఉంది."

నాకెందుకులే అనే మనిషి పెట్టే చిచ్చు ఎవరూ పెట్టలేరు. ఆల్బీన్ రెండు రోజులు తిండి సరిగా తినలేదు. మూడోనాడు మధ్యాహ్నం కుర్చీ ఎక్కి, పెట్టె దించి, పురికొస కోశాడు.

అట్ట మీద పది పన్నెండు రోజుల నడక ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. నలిగిన ఉన్ని మళ్ళీ లేచి మెత్తగా అయింది. నెల దాటి ఆ కాళ్ళు నేల తాకలేదని గుడ్డివాడైనా తడిమి చెబుతాడు. ఎడమ చెప్పు మడమ పక్కన ఒక చీలిక ఉంది. అదీ చూశాడు. కానీ అతని కళ్ళకి కనిపించింది మిర్కా. ఏ మగవాడి గదిలోనో కూతురు సుఖంగా పడుకుని, స్నేహితుల చేత ఊరూరా కార్డులు వేయిస్తోందని తీర్మానించుకున్నాడు. ఇక్కడే నాకు అతని మీద కోపం. ఊరందరి అట్టలూ చదివినవాడు ఆ చీలిక దగ్గర ఒక్క నిమిషం ఆగలేకపోయాడు.

సోమవారం వాల్టర్ వచ్చాడు. "అమ్మాయి రావడం లేదా?" అని అడిగాడు.

"నాకు అమ్మాయి లేదు," అని ఆల్బీన్ కొట్టు రాసిచ్చే కాగితం మీద సంతకం పెట్టాడు.

గురువారం పొద్దున, గుమ్మం దగ్గర విసిరేసిన ఆ జత అతని కాలికి తగిలింది. అట్టలకి కొత్తగా దుమ్ము పట్టింది. కుడి చెప్పు మడమ లోతుగా నలిగింది. ఎడమది బయటి అంచు ఒక్కటే, ఈడ్చినట్టు, గీతలు పడి ఉంది. ఆల్బీన్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అలా అరిగేది విరిగి అతికిన కాలు. పిండికట్టు విప్పాక మొదటి నడక. మడమ పక్కన చీలిక పడిపోయినప్పటిది. ఇవన్నీ ఒక్క చూపులో చదివి, చెప్పు ఒళ్ళో పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. ఆ ఏడుపు సందు చివరిదాకా వినబడింది. ఎవరూ తలుపు తీయలేదు.

మధ్యాహ్నం బస్సుకి బ్ర్నో వెళ్ళి వాల్టర్ని బతిమాలాడు. మెషీన్లకి ఆర్డరిచ్చేశానన్నాడు వాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

ఆదివారం వెండులా వచ్చింది, చేతికర్రతో, చెప్పిన తేదీకి రెండు రోజుల ముందే. గుమ్మం దగ్గర గోడ పట్టుకుని బూట్లు విప్పింది. ఎదురుగా ఆమె చెప్పులున్నాయి. ఎడమదానికి లోపల బెండు ముక్క వేసి, పైన మెత్తటి తోలు కుట్టి ఉంది. పాదం పెట్టింది. జెనోవా మెట్ల మీద జారి పడినప్పట్నుంచీ ఆమె నిటారుగా నిలబడటం అదే మొదటిసారి.

ముందు ఆమె మొహం విప్పారింది. వెంటనే మారిపోయింది.

"పెట్టె విప్పావా నాన్నా?"

"విప్పాను."

"కాలు సంగతి తెలిసింది గురువారమేగా? నేను నడిచింది ఆ రోజే."

"గురువారమే."

"అంతకుముందే విప్పావా?"

అతను ఆమె చేతికర్ర తీసి గోడకి ఆనించాడు. ఆమె తెరిచిన తలుపులోంచి కొట్టు గోడ వైపు చూసింది. కాలి అచ్చులు లేవు, అవి వేలాడిన చోట గోధుమరంగు గీతలు మాత్రం ఉన్నాయి.

"ఆస్పత్రిలో ఉన్నానని రాస్తే కొట్టు మూసి పరిగెత్తుకొస్తావని భయపడ్డాను. నీకు భాష రాదు, గుండె సరిగా లేదు. మంచం మీదే రాసి, నాతో వచ్చిన స్నేహితురాలు షార్కా చేత ఊరూరా కార్డులు వేయించాను. నువ్వు చూడనన్నావుగా, అందుకే ధైర్యంగా అబద్ధమాడాను."

"ఒక్క ముక్క రాయాల్సింది తల్లీ."

"నువ్వు ఒక్క వారం ఆగాల్సింది."

ఇద్దరి మాటా నిజమే. రెండు నిజాలూ కలిసి ఒక్క రోజుని కూడా వెనక్కి తేలేదు.

సెప్టెంబరు ఒకటిన వాల్టర్ మనుషులు మెషీన్లు దించారు. అక్టోబరులో వెండులా జెనోవా వెళ్ళిపోయింది. ఆస్పత్రి పక్క వీధిలో వంకర కాళ్ళకి బూట్లు కుట్టే ముసలాయన దగ్గర పని దొరికింది. వెళ్ళేటప్పుడు ఆల్బీన్ అలవాటుగా అట్టపెట్టె తీసుకొచ్చాడు.

"వద్దులే నాన్నా. ఇక్కడే ఉండనీ. చూసుకో," అంది. గట్టిగా కూడా అనలేదు.

ఆ చెప్పులు ఇప్పటికీ ఆ గుమ్మం దగ్గరే ఉన్నాయి. బెండు నలిగిందనీ, ఎడమ అంచు చిల్లు పడిందనీ, పిల్ల తెగ నడుస్తోందనీ హెడ్వికా వచ్చినప్పుడల్లా చెబుతుంది. ఆల్బీన్ తల తిప్పడు. ఆ గుమ్మం దాటేటప్పుడు గోడ వైపు చూస్తూ దాటతాడు.