ఆ ఒక్క కుర్చీ

నిన్నే. తల తిప్పుకోకు. పోయినవాళ్ళ చెప్పులు గుమ్మం దగ్గర అలాగే ఉంచి, దాన్ని ప్రేమ అంటున్నావు. పట్టుకున్నది నువ్వు, నలిగేది వాళ్ళు. ఇది తెలియనివాడు ప్రేమ గురించి మాట్లాడకూడదు. పేము కుర్చీల మేస్త్రీ కూడా చాలా మాట్లాడాడు. అతని సంగతి విను.

మేస్త్రీ పొద్దున్నే లేచి తొట్టిలో పేము బద్దలు నానేసేవాడు. అవి మెత్తబడేలోగా రాత్రి మిగిలింది తిని, సంచి భుజాన వేసుకుని వీధుల్లోకి బయల్దేరేవాడు. అతని పనిలో సగం అల్లడం. సగం విప్పడం.

ఆ ఊళ్ళో మనిషి పోతే బరువు మాత్రం కొన్నాళ్ళు కుర్చీలోనే ఉండిపోతుంది. ఆ మనిషి రోజూ కూర్చునే వేళకి అల్లిక వేలెడు కిందికి దిగుతుంది. ఇంట్లోవాళ్ళు చూస్తారు, తమ పని తాము చేసుకుంటారు. ఏడాది తిరిగేలోగా మేస్త్రీని పిలిచి ఆ అల్లిక విప్పించాలి. అప్పుడు బరువు వెళ్ళిపోతుంది. కత్తి పెట్టకూడదు. చివర అల్లిన బద్ద ముందు తీస్తూ, అంతా చేత్తోనే విప్పాలి.

పంతులమ్మ గారి అన్నయ్య కుర్చీ విప్పడానికి వెళ్ళినప్పుడు ఆవిడ గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"ఇంకొక్క నెల ఉంచు మేస్త్రీ."

"ఉంచి ఏం చేస్తారమ్మా, కాళ్ళు నొక్కుతారా?" అన్నాడతను. "వదిలెయ్యడం నేర్చుకోవాలి."

ఆవిడ పక్కకి తప్పుకుంది. ఆ మాట వీధంతా పాకింది. ఎంత వైరాగ్యం ఉన్న మనిషో అనుకున్నారు. అలా అనుకుంటున్నారని మేస్త్రీకి తెలుసు. తెలిసి, నడక కాస్త నెమ్మది చేశాడు.

ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టాక చేసే పని వేరు.

భార్య బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో కూర్చున్నది లేదు. బద్దలు చీల్చడం, చట్రాలు రుద్దడం, మధ్యలో వంట. "ఆ ఒక్క కుర్చీ అయ్యాక కూర్చుందువుగాని" అనేవాడు మేస్త్రీ. ఆ ఒక్క కుర్చీ ముప్ఫై ఏళ్ళపాటు అవలేదు. ఆవిడకి జబ్బు చేశాక ఆవిడ కోసమే ఒకటి అల్లాడు. రెండు నెలలు అందులో కూర్చుని ఆవిడ పోయింది.

ఏడాది తిరిగినా మేస్త్రీ ఆ కుర్చీ విప్పలేదు. రెండో ఏడు, బరువు వెళ్ళిపోవడానికన్నట్టు, ఆ అల్లిక దానంతటదే సడలింది. సడలిన పేముని వేడినీళ్ళ గుడ్డతో కింది నుంచి తడిపితే, ఆరాక మళ్ళీ బిగుస్తుంది. ఆ సంగతి పనివాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? అప్పటి నుంచి ప్రతి ఆదివారం తడిపాడు. "కూర్చో. ఇప్పుడైనా కూర్చో" అనేవాడు. ఏటేటా బరువు పెరిగింది. అయిదో ఏట కుర్చీ కాళ్ళ కింద గచ్చు పగిలింది. తొమ్మిదో ఏటికి ఆ కుర్చీ ఎంత తోసినా జరిగేది కాదు. అల్లిక పొద్దున్నా సాయంత్రం దిగే ఉండేది. మేస్త్రీ దాని చుట్టూ ఊడ్చుకునేవాడు. తడపాలంటే నేల మీద వెల్లకిలా పడుకుని కిందికి దూరేవాడు.

ఒక ఆదివారం మరదలు వచ్చింది. గడియ వెయ్యడం మరిచిపోయినట్టున్నాడు.

"ఏంటి బావా, కుర్చీ కింద దూరావు? పిల్లి ఈనిందా?"

"అల్లిక సడలింది."

ఆవిడ పక్కనే కూలబడి చూసింది. అల్లిక మధ్యలో రెండు వేళ్ళ మందం పైకి లేచింది. వణికింది. మళ్ళీ దిగిపోయింది.

"అక్క లేవబోయింది."

"సర్దుకుని కూర్చుంటోంది."

"మోకాళ్ళు పట్టేసినవాళ్ళు లేచేటప్పుడు అలాగే వణుకుతారు. నాకు తెలీదా, నావీ అవే మోకాళ్ళు." చట్రం మీద చెయ్యేసి అంది. "పంతులమ్మని కాళ్ళు నొక్కుతారా అన్నావట."

"అది వేరు."

"ఏం వేరు?"

"బతికుండగా దాన్ని కూర్చోనివ్వలేదే."

"అప్పుడు కూర్చోనివ్వలేదు. ఇప్పుడు లేవనివ్వట్లేదు. రెండూ నీ ఇష్టమే. అక్క ఇష్టం ఎప్పుడు బావా?"

ఆవిడ వెళ్ళిపోయాక మేస్త్రీ అల్లిక కింద అరచెయ్యి పెట్టాడు. చేతికి ఏ ఒత్తిడీ తగల్లేదు. బరువంతా పైకి పోవాలని చూస్తోంది. ఏడేళ్ళుగా ప్రతి ఆదివారం సరిగ్గా అలా లేవబోయినప్పుడే అతను తడిగుడ్డ పెట్టాడు. తెలియక చేశాడని నేను అనను.

మర్నాడు తొట్టిలో బద్దలు నానలేదు. మేస్త్రీ కుర్చీ ముందు కూర్చుని విప్పడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి తడిసి ఆరిన పేము ఇనుపతీగలా చట్రాన్ని కరుచుకుంది. గంటకొక వరుస వచ్చింది. వేళ్ళు చీలాయి. కత్తి పక్కనే ఉన్నా ముట్టలేదు. మొదటి రోజు వంటింటి మూల మిగిలిపోయిన భార్య దగ్గు పోయింది. రెండో రోజు ఆవిడ బట్టల వాసన పోయింది. మూడో సాయంత్రానికి ఒక్క బద్ద మిగిలింది. దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"ఆ ఒక్క కుర్చీ అయిపోయింది" అన్నాడు. "వెళ్ళు."

లాగాడు. కిటికీలోంచి వచ్చిన కొద్దిపాటి గాలికే ఖాళీ చట్రం జానెడు జరిగింది.

వారం తర్వాత కొత్త కుర్చీ ఒకటి అల్లి, ఎప్పటిలా కూర్చుని చూశాడు. అల్లిక దిగలేదు. లేచి మళ్ళీ కూర్చున్నాడు. దిగలేదు. పంతులమ్మ ఇంట్లో కూర్చున్నా అంతే. మరదలి నోట అంతా విన్న ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"నీ బరువు కూడా మీ ఆవిడతోనే పోయింది మేస్త్రీ."

"పోనివ్వండమ్మా" అన్నాడు.

ఆ తర్వాత అతను ఎవరికీ నీతులు చెప్పలేదు. ఇంకొక్క నెల ఉంచమని ఎవరైనా అడిగితే, సంచి కింద పెట్టి, వాళ్ళు సరే అనేదాకా గుమ్మంలో కూర్చునేవాడు. ఒక్కోసారి రోజంతా పట్టేది. ఇంటికొస్తే పలకరించే దగ్గు కూడా లేదు. ఆ నిశ్శబ్దంలోనే తిన్నాడు, పడుకున్నాడు, ముసలివాడయ్యాడు.

అతను పోయాక మరదలు వచ్చి, సాయంత్రం వేళకి అతని కుర్చీ ఎదురుగా నిలబడింది. చీకటి పడేదాకా చూసింది. అల్లిక కదల్లేదు. తొమ్మిదేళ్ళు ఒక మనిషిని ఆపినవాడికి, ఒక్క పూట ఆగి వెళ్ళేంత బరువు కూడా మిగల్లేదు. విప్పడానికి ఏమీ లేక, ఆవిడ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.