ఆ పదిహేడు రోజుల గీత

మధ్యాహ్నం రెండున్నరకి మా బాల్కనీలో కాలం కాసేపు ఆగుతుంది. బస్సుల మోత ఎక్కడికో దూరంగా జరిగిపోతుంది. ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పట్లు కదలవు. లోపల అక్క కుట్టుమిషను కూడా ఊరుకుంటుంది. ఆ మగతలో నేను ఉత్తరం గోడకి తగిలించిన థర్మామీటరు ముందు నిలబడి, ఎర్రగీత ఎక్కడిదాకా పాకిందో చూసి నోటుపుస్తకంలో రాసుకుంటాను. పదేళ్ళుగా ప్రతి ఎండాకాలం ఇదే పని.

"పెళ్ళిచూపులకి కూడా ఇంత టైముకి తయారయ్యేదానివి కాదు," అంటుంది అక్క.

నేను ప్రెస్సులో కాగితాలు కత్తిరించే మిషను మీద పనిచేస్తాను. తెల్లవారి షిఫ్టు గనక రెండింటికల్లా ఇంట్లో ఉంటాను. అక్కడ మిగిలిపోయిన చార్టు ముక్కలు తెచ్చుకుని సాయంత్రాలు గ్రాఫులు గీస్తాను. ఎందుకంటే సరిగ్గా చెప్పలేను. గీత మీద వేలు పెట్టి నెమ్మదిగా నడిపిస్తుంటే పోయిన రోజులన్నీ వేలి కింద వెచ్చగా తగుల్తాయి. ఇక్కడ మబ్బు పట్టింది, ఇక్కడ వడగాలి, ఇక్కడ రోజంతా కరెంటు లేదు. మనుషులు మాట మారుస్తారు, గీత మార్చదు. నాకు మనుషుల కన్నా గీతల మీదే గురి.

మనుషుల మీద గురి లేకనే వచ్చే ఆదివారం ఇల్లు మారిపోతున్నాను. ప్రెస్సు పక్కన ఒక గది చూసుకున్నాను. అక్కతో "పనికి దగ్గర" అని చెప్పాను గానీ అసలు సంగతి వేరు. ఆరేళ్ళ కిందట నేను జ్వరంతో పదిహేడు రోజులు ఆసుపత్రిలో పడి ఉంటే, అక్క ఒక్కసారి కూడా నా మంచం దగ్గరికి రాలేదు. పక్క మంచాలకి చుట్టాలు తండోపతండాలుగా వచ్చారు. గుమ్మం వైపు చూసి చూసి నా కళ్ళు కాయలు కాశాయి. ఇంటికొచ్చిన రోజు "వచ్చావా" అంది, అంతే. ఎందుకు రాలేదని నేను అడగలేదు. అడక్కుండా ఆరేళ్ళు మింగుకున్నాను, ఇక నా వల్ల కాలేదు.

వెళ్ళేలోగా ఈ గోడ మీది పది ఎండాకాలాల్నీ ఒకే చార్టు మీదికి ఎక్కించాలనిపించింది. వీధి చివర మందుల షాపాయనకి కూడా ఇదే పిచ్చి. ఆయన పుస్తకం అడిగి తెచ్చుకుని, నాది ఎర్ర ఇంకుతో, ఆయనది నీలంతో గీయడం మొదలుపెట్టాను. నేలంతా చార్టు పరిచి, దాని మీద బోర్లా పడుకుని, నిద్రకీ మెలకువకీ మధ్య తేలుతూ చుక్క తర్వాత చుక్క పెట్టుకుపోయాను. రెండు గీతలూ చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు కలిసి ఎక్కి, కలిసి దిగాయి. తేడా ఎక్కడా అర డిగ్రీ దాటలేదు. నాలుగో ఎండాకాలం మధ్యలో మాత్రం చెయ్యి వదిలేసుకుని, దేని దారిన అది పోయింది.

లెక్కపెట్టాను. పదిహేడు రోజులు. నేను ఆసుపత్రిలో ఉన్నవే.

ఆసుపత్రికి వెళ్ళబోతూ అక్కకి అప్పగించిన పని అదొక్కటే, రెండున్నరకి చూసి రాయమని. తన గుండ్రటి అక్షరాలతో రోజుకొకటి రాసే ఉంది. నలభై, నలభై పాయింట్ నాలుగు, ముప్పై తొమ్మిది పాయింట్ ఎనిమిది. ఎండాకాలానికి తగ్గట్టే ఉన్నాయి గనక ఇన్నాళ్ళూ నాకు అనుమానం రాలేదు. కానీ పదకొండో రోజున మందులాయన ఇరవై తొమ్మిది రాసి, పక్కన "పొద్దుట్నించీ వాన" అని పెట్టాడు. అక్క రాసింది నలభై పాయింట్ తొమ్మిది. ఆఖరి రోజు ఆయనది నలభై మూడు, అక్కది ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను చూడ్డానికి రాలేదు సరే, ఇంట్లో గోడ దాకా వెళ్ళడానికి కూడా బద్ధకమేనా? కూర్చున్నచోటే కాకిలెక్కలు రాసి పడేసిందన్నమాట.

పుస్తకం తీసుకెళ్ళి కుట్టుమిషను మీద పెట్టాను. "అక్కా, ఈ అంకెలు ఎక్కణ్ణించి వచ్చాయి?"

అక్క కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. ఆమె వేలు పదకొండో రోజు మీద ఆగింది.

"ఈ ఒక్కరోజు గడిస్తే చాలమ్మా అంది నర్సు," అంది.

"ఏ నర్సు?"

"నీ వార్డు నర్సే. రోజూ రెండున్నరకి మెట్లు దిగొచ్చి చెప్పేది, నీకు జ్వరం ఎంతుందో."

ఆ ఆసుపత్రిలో జ్వరం కూడా సెంటీగ్రేడులోనే చూసేవాళ్ళు. అవి ఎండ డిగ్రీలు కావు. నావి.

"మెట్ల దాకా వచ్చినదానివి పైకి రాలేకపోయావా?" అన్నాను.

"అమ్మ పోయింది ఆ వార్డులోనే. నువ్వు పసిదానివి, నీకు గుర్తుండదు. నిన్ను కూడా అలాగే చూడాల్సొస్తుందేమోనని కాళ్ళు లేవలేదే. రోజూ వచ్చాను. రోజూ ఆ మెట్ల దగ్గరే ఆగిపోయాను."

"మరి పుస్తకంలో ఎందుకు రాశావు?"

"రెండున్నరకి నేను ఇక్కడుంటే కదా గోడ చూడ్డానికి? ఇంటికొచ్చేసరికి నా తలలో ఉన్నది ఆ ఒక్క అంకే. ఎక్కడో ఒకచోట పెట్టకపోతే పిచ్చెక్కేట్టుంది. నువ్వు రాయమన్న పుస్తకం ఎదురుగా ఉంది, అందులో పెట్టాను."

"ఆరేళ్ళూ చెప్పలేదేం?"

"పిరికిదాన్నని చెప్పుకోమంటావా? నువ్వు గుమ్మంలో అడుగుపెడుతూనే పుస్తకం ఏదీ అన్నావు. నన్ను ఏమీ అడగలేదు."

నిజమే, అడగలేదు.

వెనక్కి వచ్చి చార్టు మీద పడుకున్నాను. ఆ పదిహేడు రోజుల మీద వేలు పెట్టి మెల్లగా నడిపించాను. పైన మంచం మీద నేను గుమ్మం వైపు చూస్తున్నాను. కింద మెట్ల దగ్గర అక్క పైకి చూస్తోంది. మధ్యలో ముప్పయ్యో నలభయ్యో మెట్లు. పదకొండో రోజు బయట వాన పడుతోంది, ఆమె దగ్గర గొడుగుందో లేదో కూడా నేనెప్పుడూ అనుకోలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. తప్పుడు అంకెలు తీసెయ్యడం గ్రాఫులు గీసేవాళ్ళ నియమం. నేను తియ్యలేదు.

సామాన్ల బండి అతనికి ఫోన్ చేసి ఆదివారం రావద్దన్నాను.

"ఏమైందమ్మా, గది నచ్చలేదా?" అన్నాడు.

మా అక్క ఒంటరిదైపోతుందని చెప్పబోయాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నేను ఒంటరిదాన్నైపోతానయ్యా," అన్నాను.