బుట్ట దించే పని

పైలటుగారితో ముప్ఫై అయిదేళ్ళు కాపురం చేసినందుకు తనకూ ఒక పతకం రావాల్సిందని ఆవిడ అభిప్రాయం. ఇరుకు లోయల్లో సైనిక విమానం దూర్చి, కొండ మీద కాపలా ఉన్నవాళ్ళకి బియ్యం మూటలు జారవిడిచి వచ్చిన మనిషి, ఇంట్లో చెంచా కిందపడితే మాత్రం తప్పెవరిదో విచారణ జరిపేవారు. తీర్పు ఎప్పుడూ ఒకటే: ఆవిడదే.

మూడో అంతస్తు ఇల్లు. లిఫ్టు లేదు. సరుకులు దించాలన్నా లాగాలన్నా బాల్కనీలో తాడు కట్టిన బుట్టే దిక్కు. తాడు ఆవిడ చేతిలో ఉండేది. కటకటాల మీదికి వంగి "ఆపు" అని చెప్పే పదవి ఆయనది. బుట్ట ప్రతిసారీ దబ్బున నేలకి తగిలేది. కిందింటి వాళ్ళకి పంపిన గుడ్లు పోయాయి, సీసాలు పోయాయి. నీ చెయ్యి ఆలస్యం అనేవారు ఆయన. పోయినవి గుడ్లేగా అని ఆవిడ నోరు కుట్టేసుకునేది.

ఇప్పుడు పోబోతున్నది గుడ్లు కాదు. పాత దళం వాళ్ళు వేస్తున్న జ్ఞాపకాల పుస్తకానికి ఆయన అనుభవాలు రాశారు. ఆ రాత కోడి గెలికినట్టుంటుంది కనక సాపు రాసే పని ఆవిడ మీద పడింది. మూటలు నేలపై వేసిన గుర్తు మీద పడ్డ రోజున కింద మనుషులు చీమలంత కనబడి తువ్వాళ్ళు ఊపేవారన్న చోట ఆవిడకి కూడా ఎగిరినంత సంబరమయింది. పదకొండో పేజీలో కలం ఆగిపోయింది. ఒక చలికాలం పన్నెండు మూటలు గుర్తు దాటి వాగులో పడ్డాయి. సైనికులు రెండు రోజులు పస్తులుండి, వాగులోకి దిగి ఏరుకున్నారు. తలుపు దగ్గర మూటలు తోసే మనిషి ఆలస్యం చేయడమే కారణం అని రాసి ఉంది.

పైలటు చేతి కింద మీట నొక్కితే తలుపు దగ్గర పచ్చదీపం వెలుగుతుంది, వెలిగాకే తోయాలి. వెలిగాకే తోశానని ఆ మూటలాయన అప్పుడే విచారణలో చెప్పాడు. ఎవరూ వినలేదు. మళ్ళీ విమానం ఎక్కనివ్వకుండా గోదాములో కూర్చోబెట్టారు.

ఎల్లుండి పుస్తకం అచ్చుకి వెళ్తుంది. ఆ మాట అచ్చయితే ఇక చెరగదు. ఆవిడ మూటలాయనకి ఫోను చేసి భోజనానికి పిలిచింది.

ఆయన వచ్చాడు. మగవాళ్ళిద్దరూ ఎండ గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. లోయ ఊసు ఎత్తలేదు. అప్పుడు ఆవిడ, దళం వాళ్ళు పైలటుగారికి బహూకరించిన పింగాణీ కప్పునీ, దాని ఊడిన పిడినీ బుట్టలో పెట్టింది. అతికేవాడు కింద నిలబడ్డాడనీ, తనకి భుజం పట్టేసిందనీ చెప్పి తాడు మూటలాయన చేతికిచ్చింది. భుజానికి ఏ రోగమూ లేదు.

పైలటుగారు వంగి చూస్తున్నారు. బుట్ట దిగింది. నేలకి మూరెడు ఎత్తుకొచ్చింది. జానెడు ఎత్తుకొచ్చింది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు. భళ్ళుమంది.

"ఆపు," అన్నారు.

తాడు ఆ క్షణమే బిగిసింది. అతికేవాడు బుట్టలోకి తొంగిచూసి, పిడి మాత్రం బాగానే ఉందని కేకేశాడు.

"నీ చెయ్యి..." అని మొదలుపెట్టిన పైలటుగారు ఆగిపోయారు. ఈసారి తాడు పట్టుకున్నది భార్య కాదు.

"మీరు అన్నాకే ఆపాను సార్," అన్నాడు మూటలాయన. గొంతులో నిష్ఠూరం లేదు. ముప్ఫై ఏళ్ళ కిందట విచారణలో చెప్పినంత మామూలుగానే చెప్పాడు.

పైలటుగారు లోపలికొచ్చి కూర్చున్నారు. ఆవిడ పదకొండో పేజీ, కలం తెచ్చి ముందు పెట్టింది. ఆయన కలం తీసుకుని, మూటలు తోసే మనిషి ఆలస్యం అన్న వాక్యం కింద మొన ఆనించారు.

"చివర్లో ఇంకోసారి చూస్తాను," అన్నారు నెమ్మదిగా. "అంతా సరిగ్గా ఉన్నా, ఇంకోసారి చూడందే నోరు పెగలదు. ఆ రోజూ గుర్తుని ఇంకోసారి చూశాను."

ఆ వాక్యం అడ్డంగా కొట్టేశారు. మూటలాయన కళ్ళజోడు తీసి, మరకేమీ లేకపోయినా తుడుచుకున్నాడు.

"దీపం నేనే ఆలస్యంగా వేశానయ్యా. తప్పు నాదే," అన్నారు పైలటుగారు.

తర్వాత భార్య వైపు తిరిగి, గొంతు బాగా తగ్గించి, "గుడ్లు కూడా," అన్నారు.