బిర్యానీ ఆకుల బీరువాలో నేను

నేను ఒక ఎండిన కొమ్మను. నన్ను అట్టకు దారంతో కుట్టి, విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో ఇనుప బీరువాలో పడేశారు. పుట్టింది ఊటీలో, ఒక తోట కంచెలో. పేరు చెర్రీ లారెల్. గులాబీ, ఆపిల్, బాదం నా రక్తసంబంధీకులు. ఆ సంగతి ఒప్పించడానికి పదహారేళ్లు పట్టింది కాబట్టి కాస్త మంటగానే చెప్తాను.

నన్ను కోసినవాడు ఆచార్య తారకేశ్వరరావు. అప్పటికి నాకు పువ్వు లేదు, కాయ లేదు. ఆకు నిగనిగ చూసి మురిసిపోయి, బిర్యానీ ఆకుండే లారేసీ కుటుంబమని చీటీ రాసి, కింద సంతకం గీకి, నన్ను ఆ ఆకుల బీరువాలోకి తోయించాడు. పువ్వు లేని కొమ్మకు తొందరపడి పేరు పెట్టకూడదని క్లాసులో ఊదరగొట్టేదీ ఈ మహానుభావుడే!

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న సువార్త కూడా ఆ రోజు ఊటీలో ఉంది. నా ఆకు నలిపి వాసన చూసింది. చేదు బాదం వాసన. తర్వాత సెమినార్‌లో అందరి ముందూ నన్ను తిరగేసి చూపించింది.

"సార్, ఇది గులాబీ కుటుంబమండీ. ఆకు వెనక, కాడ దగ్గర చుక్కల్లా గ్రంథులున్నాయి, చూడండి. బిర్యానీ ఆకుకి ఇవి ఉండవు."

ఆయన నా వైపు కన్నెత్తి చూడలేదు. నువ్వు పుట్టకముందు నుంచీ ఆకులు చూస్తున్నానని నవ్వి, అందరినీ నవ్వించాడు. అక్కడితో ఊరుకున్నాడా? ఆమె సిద్ధాంత గ్రంథం మీద రెండేళ్లు సంతకం పెట్టకుండా తిప్పాడు. చివరికి ఆ పిల్ల ఏడ్చుకుంటూ వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయింది. నాకు చేతులుంటే ఆయన చెంప పగిలేది. లేవు కాబట్టి కసి దాచుకుని పడున్నాను.

మొన్న సువార్త ఈ విభాగానికే అధిపతిగా వచ్చింది. మా అట్టలన్నిటికీ ఫొటోలు తీసి, ప్రపంచమంతా చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టిస్తోంది. అది విని, రిటైరైన తారకేశ్వరరావు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. తప్పు తెలిసిందట. ఎప్పటినుంచి తెలుసో చెప్పలేదు.

"ఆ పాత చీటీ పీకేయమ్మా. నా పరువు పోతుంది."

ఆమె ఆయనకు కుర్చీ వేయించి, టీ తెప్పించింది.

"పాత చీటీ పీకకూడదు సార్. పక్కన కొత్తది అంటించాలి, అంతే. మీరు నేర్పిందేనండీ."

నా శాస్త్రీయ నామం ప్రూనస్ లారోసిరాసస్, కుటుంబం రోజేసీ, అంటే గులాబీలది, అని రాసి, తన పేరూ తేదీ వేసి, ఆయన చీటీ పక్కనే అంటించింది. కెమెరా రెండింటినీ కలిపి తీసింది. ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. జాలిపడాలేమో. నేను పడలేదు.