దేవుడి పిడికెడు

కుక్కర్ గిన్నెలో బియ్యం పోసుకుని, కడగబోయే ముందు సరోజిని ఒక పిడికెడు తీసి అరమీది పాలపొడి డబ్బాలో వేసింది. అలవాటుగా చెయ్యి మళ్లీ గిన్నెలోకి వెళ్లింది. వెళ్లి అక్కడే ఆగిపోయింది. రెండో పిడికెడు ఇంక దేనికి?

బందరులో వాళ్ల సంఘం ఆడవాళ్లందరూ చేసే పనే అది. అన్నం వండిన ప్రతిపూటా ముందుగా దేవుడి పేరున ఒక పిడికెడు తీసి దాచాలి. ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్లాలి. డబ్బా పట్టుకెళ్లేది మాత్రం ఆమె భర్త జీవానందం. సంఘ పెద్ద కాబట్టి ముందు వరసలోంచి లేచి, బల్ల ముందున్న బుట్టలో పోసి వస్తాడు. "జీవానందం గారి కుటుంబం" అని మైకులో చదువుతారు. ఇంట్లో అత్తగారితో కలిపి ముగ్గురికి పోసే బియ్యం కొలత మారదు. తీసిన పిడికెడు ఎవరి కంచంలో తగ్గాలో ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఆఖర్న తినేది ఆమే.

పెళ్లయి వచ్చిన కొత్తలో ఇది నేర్పింది అత్తగారు అచ్చమ్మ. నాగాయలంక అవతలి పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. "పిడికెడు తప్పావంటే పిల్లల మీదకొస్తుందే, గుర్తుపెట్టుకో" అంది. సరోజిని గుర్తుపెట్టుకుంది. తొలి బిడ్డ డేవిడ్ రాజు ఏడాది నిండకుండానే జ్వరంతో పోయాడు. సమాధుల దొడ్డి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అత్తగారు అడిగింది, "నిన్న పిడికెడు తీశావా?" అని. తియ్యలేదు. "మర్చిపోయానత్తయ్యా" అంది సరోజిని. అచ్చమ్మ ఇంకేమీ అనలేదు. జీవానందం కూడా ఏమీ అనలేదు. చెప్పులేసుకుని ఐస్ ఫ్యాక్టరీలో డ్యూటీకి గిలకలదిండి వెళ్లిపోయాడు. ఏదో ఒకటి అన్నా బాగుండేదని ఆమె చాలా ఏళ్లు అనుకుంది.

అప్పట్నుంచి ఆమెకి భయమే భక్తి. కూతురు వినీల స్కూలుకెళ్తే బస్సు కాలవలో పడినట్టే కనపడేది. జలుబు చేస్తే ఊపిరితిత్తులకి పాకినట్టే. ఫోనెత్తకపోతే ఇక చెప్పనక్కర్లేదు. అలా కనపడ్డప్పుడల్లా వంటింట్లోకి వచ్చి డబ్బా వంక చూసేది. తీశాను కదా, ఏం కాదు. ఏమీ అయ్యేది కాదు కూడా. ఏమీ కానప్పుడల్లా డబ్బా మీద నమ్మకం ఇంకాస్త పెరిగేది. ప్రసంగాల్లో ప్రేమ అనే మాట చాలాసార్లు వినిపించేది గానీ, అది ఎవరింటి సంగతో అన్నట్టు వినేది.

వినీల చల్లపల్లిలో కాపురముంటూ అక్కడే ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. నెల తప్పిందని ఫోన్ చేసిన రోజు సరోజిని అడిగిన మొదటి మాట, "పిడికెడు తీస్తున్నావా?"

"అమ్మా, పొద్దున్నే రెండు బాక్సులు కట్టి, ఆయన షర్టు ఇస్త్రీ చేసి, స్కూలుకి పరిగెత్తాలి. గ్లాసుతో కొలిచి కుక్కర్లో పడేస్తాను. దేవుడికి అంత బియ్యం కావాలంటే రేషన్ కార్డుకి పెట్టుకోమను."

"తప్పే! లెంపలేసుకో" అని సరోజిని హడలిపోయింది. ఆ పూట నుంచే తన పిడికెడు పక్కన కూతురి పిడికెడు కూడా తియ్యడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. కంచంలో అన్నం మరికాస్త తగ్గింది. "సన్నబడుతున్నావేంటి, షుగరేమైనా వచ్చిందేమో చూపించుకో" అన్నాడు జీవానందం ఒకరోజు, రెండోసారి అన్నం పెట్టించుకుంటూ.

అయిదో నెలలో వినీలకి కడుపు పోయింది. ఎవరి తప్పూ లేదు, ఒక్కోసారి ఇలా జరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. అల్లుడు విజయ్ కుమార్ నిన్న తీసుకొచ్చి దింపి, "మా అమ్మ కాస్త కోపంగా ఉందత్తయ్యగారూ. ప్రార్థనకి రమ్మంటే స్కూలంటుంది, దేవుడు చూస్తూ ఊరుకుంటాడా అంటోంది. కొన్నాళ్లు ఇక్కడే ఉండనివ్వండి" అని, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

అందుకే ఇప్పుడు బియ్యంలో చెయ్యి ఆగిపోయింది. తీశాను. ఇద్దరి వంతూ తీశాను. ఒక్కపూట కూడా తప్పలేదు. మరి? అన్నానికి ఎసరు చాలలేదని తోచినంత మామూలుగా తోచింది ఆ ప్రశ్న. తోచాక భయమేసింది. గబగబా బియ్యం కడిగి కుక్కర్ మూత పెట్టేసింది.

సాయంత్రం స్త్రీల సమాజం నుంచి సూర్యకుమారి, పాస్టరమ్మగారు పరామర్శకొచ్చారు. వందనాలు చెప్పుకున్నారు, పాట పాడారు, కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. వినీల గోడకి ఆనుకుని కూర్చుంది. ఆమేన్ అన్నాక సూర్యకుమారి ముసుగు సర్దుకుంటూ, "దేవుడు ఏదీ ఊరికే చెయ్యడమ్మా. మన వైపు లోపమేమైనా ఉందేమో చూసుకోవాలి" అంది.

మంచం మీంచి అచ్చమ్మ మనవరాలి వైపు తిరిగింది.

"ఏమ్మా, పిడికెడు తీసేదానివా?"

రేషన్ కార్డు అని నవ్విన పిల్ల నవ్వలేదు. తల దించుకుంది. "లేదు నానమ్మా" అంది. ఆ గొంతు సరోజినికి తెలుసు. కాళ్లు కడుక్కుంటూ మర్చిపోయానత్తయ్యా అన్న గొంతు అది. ఇంక ఈ పిల్ల కూడా పూటపూటకీ ఒక డబ్బా వంక చూస్తుంది. రేపెప్పుడో పుట్టే బిడ్డకి తుమ్మొస్తే చూస్తుంది. ఆ బిడ్డ స్కూలుకెళ్తే చూస్తుంది. కంచంలో తగ్గించుకుంటుంది, ఆఖర్న తింటుంది, ఎవరూ ఏమీ అనకపోయినా తనే తనని అంటుంది. జరగనివన్నీ ఊహించుకుని వణికే సరోజినికి ఈసారి ఊహించాల్సిన పని లేకపోయింది. అదంతా తను బతికిందే.

అసలు ఆ రోజు తను పిడికెడు ఎందుకు మర్చిపోయింది? పిల్లాడు ఒళ్లు కాలిపోతూ చంకలో ఉన్నాడు కాబట్టి. జ్వరం ముందొచ్చింది. మరుపు తర్వాతొచ్చింది. ఇన్నేళ్లలో ఆ వరస ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

"దాని వంతు నేను తీశానత్తయ్యా" అంది సరోజిని. "నెల తప్పిన రోజు నుంచీ పూటకి రెండు పిడికెళ్లు. ఒక్కపూట కూడా తప్పలేదు."

వినీల తలెత్తి చూసింది.

"మరైతే..." అని పాస్టరమ్మగారు మధ్యలోనే ఆగిపోయింది.

"నేనూ అదే అడుగుతున్నానండీ, మరైతే?"

"దేవుణ్ని ప్రశ్నించకూడదు సరోజినీ" అంది సూర్యకుమారి.

"దేవుణ్ని కాదు వదినా, మనల్నే. మా రాజుకి జ్వరం ముందొచ్చింది. నేను మర్చిపోయింది తర్వాత. ఆ మాట అప్పుడు నాకు తోచలేదు. నా పిల్లని మాత్రం ఎవరూ ఏమీ అడగొద్దు."

అచ్చమ్మ తన చేతుల వంక చూసుకుంది. "నాకూ ఇద్దరు పోయారు" అంది. "మా అత్త నన్నూ అదే అడిగింది." ఆ మాట ఆవిడ ఆ ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

వచ్చినవాళ్లు టీ తాగకుండానే లేచారు. రేపటికి ఈ మాట సంఘమంతా తెలుస్తుంది. ఆదివారం డబ్బా ఏదని జీవానందం అడుగుతాడు. ఏం చెప్పాలో సరోజినికింకా తెలీదు. చీకటి పడకముందే కుక్కర్ గిన్నెలో బియ్యం పోసింది. పిడికెడు తీసింది, కాసేపు అరచేతిలో ఉంచుకుని చూసింది, మళ్లీ గిన్నెలోనే వదిలేసి నీళ్లు పట్టింది.

అన్నం ఉడికాక అత్తగారికి మంచం దగ్గరికి పట్టుకెళ్లి ఇచ్చింది. వినీలకి పెట్టింది. తన కంచంలోనూ కూతురికి పెట్టినంతే పెట్టుకుని పక్కనే కూర్చుంది.

"నాన్న రాలేదుగా అమ్మా, నువ్వు తినేస్తున్నావేంటి?"

"ఆకలేస్తోందే."

అబద్ధం కాదు. భయం కూడా వేస్తూనే ఉంది. అది ఎప్పట్లాగే వచ్చి పక్కన కూర్చుంది. ఆ పూట దానికి మాత్రం సరోజిని ఏమీ పెట్టలేదు.