నడిచే లీకు

హజరాబీ పెరట్లో మునగచెట్టు కొట్టేటప్పుడు రెజీనా పక్కనే నిలబడి ఉంది. చెట్టు నిండా పూత. కూలీలు కూడా గొడ్డలి పట్టుకుని తటపటాయించారు.

"కొట్టండబ్బయా, చూస్తా నిలబడితే నీళ్ళొస్తాయా?" అంది హజరాబీయే.

కోట టౌనుకు తూర్పున, సముద్రం హోరు వినిపించేంత దూరంలో ఉన్న ఆ ఊళ్ళో బావులు ఉప్పుతేలి చాలా ఏళ్ళయింది. చుట్టూ రొయ్యల గుంటలే. తాగడానికి పంచాయతీ ట్యాంకు ఒక్కటే దిక్కు. ఆ ట్యాంకు నుంచి పెరళ్ళ కిందా వీధి కిందా వచ్చే ఇనుప గొట్టానికి ఎక్కడో చిల్లు పడి, నెల రోజులుగా చివరి కొళాయిలకు నీళ్ళు ఎక్కడం లేదు. గట్టి నేలైతే తడి పైకి తేలేది. ఇక్కడంతా ఇసుక కావడంతో కారిన నీళ్ళు కారినట్టే ఇంకిపోతున్నాయి. పంపు నడిపే ఆదెయ్య పదిమందినీ అడిగి రెజీనాను పిలిపించాడు.

రెజీనాకు ముప్ఫై నాలుగేళ్ళు. నెల్లూరులో ఒక మేడమీద గదిలో కొలత యంత్రాలు బాగుచేస్తుంటుంది. లీకు వెతికే ఈ పెట్టెల జత ఆమె సొంతంగా తయారుచేసుకున్నది. గొట్టానికి ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి పెడితే, చిల్లులోంచి నీళ్ళు చిమ్మే సవ్వడిని రెండూ వింటాయి. ఏ పెట్టెకు ఎంత ముందు వినిపించిందో చూసి, చిల్లు ఎక్కడుందో లెక్క కట్టవచ్చు. అయితే రెండింటి గడియారాలూ ఒకే వేళ చూపించాలి, వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. ఆ వేళను అవి ఉపగ్రహాల నుంచి అందుకుంటాయి.

ముందురోజు సాయంత్రమే ఒక పెట్టెను ట్యాంకు కింద పంపు గదిలోనూ, రెండోదాన్ని మసీదు దగ్గర వాల్వు మీదా అమర్చింది. పొద్దున చూస్తే లెక్క హజరాబీ మునగచెట్టు మొదట్లో తేలింది.

అయిదడుగులు తవ్వారు. గొట్టం కనిపించింది. చుక్క తడి లేదు.

రెజీనా గుంత గట్టుమీద కూర్చుని మళ్ళీ కొలిచింది. ఈసారి మసీదు వైపు ఇంకో పాతికడుగుల అవతల, వీధి మధ్యలో చూపించింది. అక్కడా తవ్వారు. అక్కడా ఇసుక పొడిగానే ఉంది. అప్పటికి పన్నెండు దాటింది. చూడవచ్చిన జనం ఒక్కొక్కరే జారుకున్నారు. హజరాబీ మాత్రం ఆ చెట్టు ఆకే తెంపి పప్పులో వేసి, అన్నం కలిపి తెచ్చింది.

"తిను బిడ్డా. పొద్దుటి నుంచి టీ నీళ్ళే గదా."

"నీ చెట్టు అన్యాయంగా కొట్టిచ్చినానమ్మా."

"తినేటప్పుడు ఏడిస్తే ఒంటికి పట్టదు. ముందు తిను."

రెజీనా తల వంచుకుని తింటోంది. ఆదెయ్య మాట మార్చాలని నవ్వుతూ అన్నాడు. "నీ లీకు నడస్తా ఉండాది మేడమ్. పొద్దున బీబమ్మ పెరట్లో, ఇప్పుడు వీధిలో. సాయంత్రానికి మసీదులో నమాజుకు పోతాదేమో."

రెజీనా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. గొట్టంలో చిల్లు నడవదు. నడిచేది గడియారమే.

చెయ్యి కడుక్కుని పరుగున వెళ్ళి మసీదు దగ్గరి పెట్టెను పంపు గదికి తెచ్చింది. రెండు పెట్టెలనూ పక్కపక్కన పెట్టి, రెండింటి చెవులనూ ఒకే గొట్టానికి తగిలించి, "ఆదెయ్యన్నా, స్పానరుతో ఒక్క దెబ్బ కొట్టు" అంది. ఠంగుమంది. కొట్టింది ఒక్క దెబ్బే. రెండు పెట్టెలూ దాన్ని వేర్వేరు వేళల్లో రాసుకున్నాయి. తేడా సెకనులో ఇరవయ్యో వంతు. ఇనుప గొట్టంలో శబ్దం సెకనుకు వెయ్యి మీటర్లు దాటి పరిగెత్తుతుంది. ఆ కాస్త తేడాకే లెక్క వంద అడుగుల పైనే పక్కకు పోతుంది.

తల పైకెత్తి చూసింది. పంపు గదికి కాంక్రీటు కప్పు. ఎండ తగలకూడదని పెట్టెను లోపల పెట్టింది తనే. ఆ కప్పు కింద దానికి ఉపగ్రహాలు అందలేదు. రాత్రంతా తనకు తోచిన వేళ చూపించుకుంటూ కూర్చుంది. అందకపోతే పని ఆపేసి ఎర్ర దీపం వెలిగించమని ప్రోగ్రాంలో ఒకప్పుడు తనే రాసింది. పోయిన నెల ఇంకో ఊళ్ళో ఆ దీపం ఆరేదాకా పావుగంట కాచుకోవలసి వచ్చి, విసిగిపోయి తీసేసిందీ తనే.

పెట్టె పాడైందని అంటే ఎవరూ కాదనరు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ తిన్నది హజరాబీ పెట్టిన పప్పన్నం. రెజీనా వెళ్ళి ఆమె ముందు నిలబడింది.

"తప్పు పెట్టెది కాదమ్మా. నేను చేసినాను." జరిగిందంతా చెప్పింది.

హజరాబీకి ఉపగ్రహాల సంగతి ఎంత ఎక్కిందో గానీ, చివరిదాకా వింది. "సరే, తెలిసింది గదా. ఇప్పుడు సరిగ్గా చెయ్యి" అంది.

రెజీనా ప్రోగ్రాంలో ఆ ఎర్ర దీపం మళ్ళీ పెట్టింది. రెండు పెట్టెలనూ ఆరుబయట ఉంచి, దెబ్బ కొట్టించి, తేడా సున్నా అని చూసుకున్నాకే చెరో కొసకు చేర్చింది. అరగంట ఎడంతో మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ ఒకే చోటు వచ్చింది. సర్పంచి కిషోర్ బాబు ఇంటి ముందు, కొత్తగా పోసిన సిమెంటు అరుగు కింద.

కిషోర్ బాబు అరుగు మీదికెక్కి అడ్డంగా నిలబడ్డాడు. "రెండు సార్లు తప్పు చూపించినావు. మూడోదానికి నా అరుగు పగలగొట్టాల్నా? పోయిన నెలే గదమ్మా పోయించింది!"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. వెనక నుంచి హజరాబీ వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఏం కిషోరా, పొద్దున నా చెట్టు కొట్టేటప్పుడు నువ్వు యాడుండావు?"

"అక్కడే ఉండానక్కా."

"ఒక్క మాటన్నా ఆపమన్నావా?"

కిషోర్ బాబు కాళ్ళ కింది అరుగు వంక చూసుకున్నాడు.

"పన్నెండేళ్ళ చెట్టురా అది. నీ సిమెంటుకు నెల. ఈ పాప తప్పు చేసి దాచుకోలా. వచ్చి మొగానే చెప్పింది. అట్టాంటి మనిషి మాట ఇంకోసారి వింటే మనకేం పోతాది? దిగు."

ఆయన దిగాడు. అయితే సమ్మెట కూలీలకివ్వలేదు. పగలగొట్టేదేదో తనే పగలగొడతానని పంచె ఎగ్గట్టాడు. సిమెంటు పెళ్ళలు లేచాయి. రెండడుగుల కింద ఇసుక రంగు మారింది. మూడో అడుగులో పార దిగబడి చప్పుడు చేసింది. నాలుగో అడుగులో నీళ్ళు చిమ్మి కిషోర్ బాబు ముఖం మీద పడ్డాయి. తుడుచుకోకుండానే, "ఉండాది! ఉండాది మేడమ్!" అని అరిచాడు.

చిల్లుకు పట్టీ బిగించి ఆదెయ్య వాల్వు తిప్పేసరికి నాలుగైంది. మసీదు వీధి చివరి కొళాయి ముందు దగ్గింది, తరవాత ఎర్రగా కక్కింది, ఆపైన తేటగా పడింది. బిందెలు ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. రెజీనా వరసలో పిల్లలందరితో పాటు దోసిలి పట్టి తాగింది.

బయల్దేరేటప్పుడు హజరాబీ కొత్త చీర కట్టుకుని రెజీనా స్కూటీ దగ్గర కనిపించింది. "బీపీ మాత్రలు అయిపోయినాయి. కోటలో దించు" అని అడిగి, జవాబు కోసం చూడకుండా వెనక ఎక్కి, ఒక పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది.

కోటలో మందుల షాపతను మాత్రలు తీసేలోపు ఆమె మొత్తం కథ చెప్పేసింది. ఈ పిల్ల నెల్లూరు నుంచి వచ్చిందట, రెండు పెట్టెలు పెట్టిందట, సర్పంచి అరుగు కిందుంది లీకు అందట, తవ్వితే అక్కడే ఉందట.

బయటికి వచ్చాక రెజీనా ఆగలేకపోయింది. "ముందు రెండు గుంతలు ఊరికే తవ్విచ్చినా గదమ్మా. అది చెప్పనే లేదే?"

హజరాబీ మాత్రల పొట్లం కొంగున ముడివేసుకుంటూ ఆమెను వింతగా చూసింది.

"అది మన ఇంటి సంగతి బిడ్డా. బయటోళ్ళకెందుకు?"